కొబ్బరాకు బూర

వాడపల్లి పేరు మీరు వినే ఉంటారు. కోనసీమలో, గౌతమి గోదావరి ఒడ్డున ఉంది. ఆత్రేయపురం మండలం. వెంకటేశ్వర స్వామి గుడి ఉన్న ఊరు. శనివారం వచ్చిందంటే ఊరు నిండా జనమే. ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. గుడి దారి పొడుగునా కొట్లు పెడతారు. పూలు, కొబ్బరికాయలు, బొమ్మలు, బూరలు అమ్ముతారు.

అక్కడ ఏటిగట్టు కింద ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంట్లో ఒక అత్త, ఒక కోడలు. కోడలికి ఇద్దరు పిల్లలు. పాపకి ఐదేళ్ళు. బాబుకి తొమ్మిది నెలలు. కోడలు పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ మీద పలచని పిండి గుడ్డ లాగి, రేకు ఊడదీస్తుంది. రోజంతా పొయ్యి ముందు కూచుంటే కూలి వస్తుంది. మగడు తాపీ పనికి పోతాడు. కోడలు పెళ్ళి అయ్యాక, సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు చిన్న చిన్న మాటలు రాయగలదు.

ఒక శనివారం పాప ఏడుపు మొదలుపెట్టింది.

"అమ్మా, నాకు ఆ ఎర్ర బూర కావాలి."

"డబ్బులు లేవే. వచ్చే వారం కొంటాను."

"పోయిన వారం కూడా అలాగే అన్నావు!"

అది నిజమే. కోడలికి కోపం వచ్చింది. చెయ్యి ఎత్తింది. అప్పుడు అత్త అడ్డం వచ్చింది.

"కొట్టకు అమ్మాయ్. పిల్ల అడిగింది బూరే కదా. బూరకి డబ్బులెందుకు? పెరట్లో చెట్టు లేదా?"

అత్త పెరట్లోకి వెళ్ళింది. కింద పడిన కొబ్బరి మట్ట నుంచి ఒక పచ్చి ఆకు లాగింది. పాప ఏడుపు ఆపి చూస్తూ నిలబడింది.

బూర చేసే తీరు

ముందు ఆకు మధ్యలో ఉన్న ఈనె తీసేయాలి. అప్పుడు ఆకు రెండు పాయలు అవుతుంది. ఈనె పారేయకండి. చివర పనికి వస్తుంది.

ఒక పాయ తీసుకోండి. సన్నని కొస నుంచి చుట్టడం మొదలుపెట్టండి. మొదటి చుట్టులో చిటికెన వేలి కొస పట్టేంత బెజ్జం ఉండాలి. తరువాత చుట్టు, ముందు చుట్టును సగం కప్పాలి. అలా ఏటవాలుగా చుట్టుకుంటూ పోండి. బూర కొంచెం కొంచెంగా వెడల్పు అవుతుంది. గుళ్ళో సన్నాయి చూశారు కదా, ఆ ఆకారం వస్తుంది. పాయ అయిపోతే రెండో పాయ కలిపి చుట్టండి. చివర ఊడిపోకుండా ఈనె ముక్క గుచ్చండి.

ఇక పీక. ఇదే అసలు పని. సన్నని కొసను రెండు వేళ్ళతో నొక్కి చదును చేయాలి. పై పొర, కింద పొర దగ్గరకు రావాలి. కానీ పూర్తిగా అతుక్కోకూడదు. మధ్యలో వెంట్రుక వాసి సందు ఉండాలి. పెదవులతో మెల్లగా పట్టి గట్టిగా ఊదండి.

పలకలేదా? కంగారు పడకండి. మొదటిసారి ఎవరికీ పలకదు. సందు ఎక్కువైతే వట్టి గాలి పోతుంది. సందు లేకపోతే గాలే పోదు. వేళ్ళతో సర్దుతూ ఊదుతూ ఉండండి. ఒక్కసారిగా "పీ" అంటుంది.

అత్తకి మూడోసారికి పలికింది. పాప చేతికి ఇచ్చింది. పాప బుగ్గలు ఉబ్బించి ఊదింది. వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు. ఎర్ర బూర మాట పాప మళ్ళీ ఎత్తలేదు.

"నానమ్మా, ఇది ఎందుకు అరుస్తోంది?" అని అడిగింది.

"పెదవుల దగ్గర వేలు పెట్టి చూడు."

పాప వేలు పెట్టింది. "చక్కిలిగిలి పెడుతోంది!" అంది.

అదే కారణం. గాలి పోయేటప్పుడు ఆ రెండు పొరలు వణుకుతాయి. ఆ వణుకే శబ్దం. సన్నాయికి కూడా నోటి దగ్గర ఇలాంటి రెండు పొరల పీకే ఉంటుంది. ఏ వాద్యమైనా అంతే. ఏదో ఒకటి వణకాలి. వీణలో తీగ వణుకుతుంది. డప్పులో తోలు వణుకుతుంది. పిల్లనగ్రోవిలో లోపలి గాలే వణుకుతుంది. మనం మాట్లాడేటప్పుడు గొంతు మీద చెయ్యి పెట్టుకుంటే ఆ వణుకు తెలుస్తుంది. మీ పిల్లల చేత పెట్టించి చూడండి.

ఒక మాట. కొబ్బరాకు బూర సాయంత్రానికి వాడిపోతుంది. మూగబోతుంది. పాప ఏడుస్తుంది. అప్పుడు ఇంకో ఆకు లాగాలి, అంతే. కోనసీమలో కొబ్బరాకుకి కరువా?

ఇంట్లో ఉన్న వాద్యాలు

మరునాడు పాప వదలలేదు. "ఇంకా ఏం చేద్దాం నానమ్మా?" అంటూ వెంట పడింది. ఇల్లంతా వెతికారు. ఎన్ని దొరికాయో చూడండి.

కొబ్బరి చిప్పలు రెండు. వాటి అంచులు పెంకు ముక్క మీద అరగదీశారు. పీచు గీకేశారు. రెండూ బోర్లా పట్టి కొడితే గుర్రం నడిచినట్టు "టక్ టక్" మంది. చిన్న చిప్పలకి సన్నటి శబ్దం. పెద్ద చిప్పలకి బొంగురు శబ్దం. సంక్రాంతికి వచ్చే హరిదాసు చేతి చిడతలు కూడా ఇలా ఒకదానితో ఒకటి తగిలి మోగేవే.

పాత కుండ ఒకటి. కుండ కొనేటప్పుడు మనం వేలు మడిచి కొట్టి చూస్తాం కదా. ఖంగుమంటే మంచి కుండ. బొరబొర అంటే బీట ఉన్నట్టు. మీ చెవికి ఆ తేడా తెలుసు. ఎవరూ నేర్పకపోయినా మీరు శబ్దం పోల్చగలరు. కచ్చేరీలలో వాయించే ఘటం కూడా మట్టి కుండే. దాన్ని వాయించడానికి గట్టి మట్టితో ప్రత్యేకంగా చేస్తారు. అత్త తన కుండ మూతికి పాత సైకిలు ట్యూబు ముక్క లాగి కట్టింది. తాడు బిగువుగా కట్టాలి. వదులైతే "బద్" మంటుంది. బిగిస్తే "ధమ్" మంటుంది. మృదంగం వాయించేవాళ్ళు ఎడమ వైపు తోలు మీద తడి రవ్వ ముద్ద అంటిస్తారు. దాని బరువుకి శబ్దం లోతుగా వస్తుంది. మనం ఉప్మా చేసుకునే రవ్వే అది!

పూతరేకుల అట్టపెట్టె ఒకటి. మూత తీసేసి, దానికి నాలుగు రబ్బరు బ్యాండ్లు తొడిగారు. కింద రెండు పెన్సిళ్ళు దూర్చారు. మీటితే మోగింది. సన్న బ్యాండు ఒక రకంగా, లావు బ్యాండు ఒక రకంగా మోగాయి. బ్యాండు లాగి పట్టుకుంటే శబ్దం సన్నబడింది. వీణ మెట్టు మీద తీగ నొక్కితే మోగే తీగ పొట్టిదవుతుంది, అప్పుడు కూడా శబ్దం సన్నబడుతుంది. వీణకి ఏడు తీగలు, ఇరవై నాలుగు మెట్లు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగ తొలిచి వీణ చేస్తారు. వెనకటి రోజుల్లో బొబ్బిలి రాజులు ఆ పనివాళ్ళని ఆదరించారు. పెరట్లో పనస చెట్టు ఉన్నవాళ్ళు ఆ చెట్టు వైపు ఒకసారి చూసుకోండి.

నాలుగు స్టీలు గ్లాసులు. ఒకదానిలో నీళ్ళు నిండుగా, తరువాత దానిలో కొంచెం తక్కువ, అలా పోశారు. చెంచాతో కొట్టారు. నీళ్ళు ఎక్కువ ఉన్న గ్లాసు బొంగురుగా పలికింది. తక్కువ ఉన్నది సన్నగా పలికింది. జలతరంగం అనే వాద్యం ఇదే. పింగాణీ గిన్నెలతో వాయిస్తారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అవే నీళ్ళు సీసాలో పోసి, సీసా మూతి మీద ఊది చూడండి. ఇప్పుడు నీళ్ళు ఎక్కువ ఉన్న సీసాయే సన్నగా పలుకుతుంది! ఎందుకు? గ్లాసును కొడితే గ్లాసు, నీళ్ళు కలిసి వణుకుతాయి. బరువు ఎక్కువైతే వణుకు నెమ్మది. సీసాలో ఊదితే వణికేది లోపలి గాలి. నీళ్ళు పెరిగితే గాలికి చోటు తగ్గుతుంది. చోటు తగ్గితే వణుకు వేగం. ఈ తేడా పెద్ద చదువులు చదివినవాళ్ళని కూడా అడిగి చూడండి. చాలామంది తడబడతారు.

అగ్గిపెట్టెల ఆట ఒకటి ఉంది. ఆరు ఖాళీ అగ్గిపెట్టెలు తీసుకోండి. రెండింటిలో బియ్యం, రెండింటిలో ఇసుక, రెండింటిలో చింతగింజలు వేయండి. కాగితం అంటించి మూసేయండి. అన్నీ కలిపేయండి. పిల్లలు ఊపి, విని, జతలు కలపాలి. ఇటలీ దేశపు మరియా మాంటిస్సోరి అనే ఆవిడ పసిపిల్లల చదువు కోసం ఇలాంటి శబ్దాల డబ్బాలు వాడారు. ఆవిడ వైద్యం చదివిన మనిషి. 1939లో మద్రాసు వచ్చి, మన దేశంలో చాలామంది టీచర్లకు పాఠాలు చెప్పారు. ఆవిడ డబ్బాలు చెక్కతో చేసినవి. మనకి అగ్గిపెట్టె చాలు.

ఇవి మాత్రం వద్దు

పాప దడి మీద నుంచి గురివింద గింజలు కోసుకొచ్చింది. ఎర్రగా, నల్ల చుక్కతో ముద్దుగా ఉంటాయి కదా. "గిలకలో వేద్దాం నానమ్మా" అంది.

అత్త గట్టిగా అరిచింది. "పారెయ్యి! చేతులు కడుక్కో!"

గురివింద గింజ విషం. నమిలి మింగితే ప్రాణం పోవచ్చు. ఆముదం గింజలు కూడా అంతే. వాటిని పిల్లల ఆటలోకి రానివ్వకండి.

పురుగు మందు డబ్బాలు, సీసాలు కూడా వాడకూడదు. ఎన్నిసార్లు కడిగినా విషం పోదు. వరి చేలు, చేపల చెరువులు ఉన్న ఊళ్ళలో ఈ డబ్బాలు గట్ల మీద దొర్లుతూ ఉంటాయి. పిల్లలు తెచ్చి డప్పులా కొడతారు. గట్టిగా చెప్పండి.

మూడేళ్ళ లోపు పిల్లలకు విడి గింజలు ఇవ్వకండి. గొంతులో అడ్డం పడతాయి. ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు. పెసర గింజ తడి తగిలితే ఉబ్బుతుంది. తీయడం కష్టం. కోసిన రేకు డబ్బాల అంచులకి వేళ్ళు తెగుతాయి. బూర పిల్లల చెవి దగ్గర పెట్టి ఊదకూడదు.

గిలక

చివరికి బాబు కోసం గిలక చేశారు. అత్తకి తాటాకు గిలక అల్లడం వచ్చు. ఆ అల్లిక చూస్తేనే వస్తుంది. చదివితే రాదు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళెవరికైనా వస్తే, వాళ్ళ పక్కన కూచుని నేర్చుకోండి.

కోడలు సులువు మార్గం పట్టింది. చిన్న నీళ్ళ సీసా కడిగి, ఎండబెట్టింది. గుప్పెడు పెసలు పోసింది. మూతకి బంక రాసి గట్టిగా బిగించింది. పైన పాత చీర గుడ్డ చుట్టి కుట్టేసింది. గింజ బయటకు వచ్చే దారి లేదు.

బాబు ముందు కూచుని ఊపింది. బాబు కళ్ళు గిలకతో పాటు అటూ ఇటూ తిరిగాయి. బోసి నోటితో నవ్వాడు. చెయ్యి చాపాడు. అందరూ సంబరపడ్డారు.

పాప గిలక లాక్కుని బాబు వెనక్కి వెళ్ళింది. "తమ్ముడూ, నేనెక్కడ?" అంటూ ఊపింది. బాబు తిరగలేదు. మళ్ళీ ఊపింది. తిరగలేదు. పాప బూర తీసుకుని, నాలుగడుగుల దూరం నుంచి "పీ" మని ఊదింది. పక్కింటి కుక్క లేచి మొరిగింది. బాబు మాత్రం ముందున్న అమ్మ ముఖమే చూస్తూ కూచున్నాడు.

కోడలు గుండె జల్లుమంది.

"అత్తయ్యా, వీడికి వినపడటం లేదేమో!"

"ఛ! అవేం మాటలే. మగపిల్లలు అన్నీ ఆలస్యమే. మీ ఆయన కూడా మూడేళ్ళకి గానీ మాట్లాడలేదు."

"మాట సరే అత్తయ్యా. ఇది వినడం."

అత్త మాట్లాడలేదు. తనే కుండ తెచ్చి బాబు వెనక కొట్టింది. బాబు కొంచెం కదిలాడు. విన్నాడా? నేల అదిరినందుకు కదిలాడా? తెలియలేదు. ఆ రాత్రి ఎవరూ సరిగా తినలేదు.

పసిపిల్లలు ఎప్పుడు ఏం వింటారు? పుట్టిన బిడ్డ పెద్ద శబ్దానికి ఉలిక్కిపడుతుంది. ఆరు నెలలు వచ్చేసరికి శబ్దం వచ్చిన వైపు తల తిప్పుతుంది. ఏడాదికల్లా అమ్మ, తాత వంటి మాటలు మొదలవుతాయి. వినపడని బిడ్డ కూడా నవ్వుతుంది. ఊ కొడుతుంది. అందుకే ఇంట్లోవాళ్ళకి వెంటనే తెలియదు.

మీరు ఇంట్లో చూసేటప్పుడు బిడ్డకి మీ చెయ్యి కనపడకూడదు. నీడ పడకూడదు. గాలి తగలకూడదు. బిడ్డ ఆకలితో, నిద్రమత్తులో ఉండకూడదు. ఒకసారి తిరగకపోతే భయపడకండి. రెండు మూడు రోజులు చూడండి. ఇంటి గిలక పరీక్ష కాదు. అనుమానం కలిగితే పరీక్షకి తీసుకువెళ్ళాలి, అంతవరకే.

సోమవారం కోడలు పనికి పోలేదు. ఒక పూట కూలి పోయింది. బాబుని ఎత్తుకుని అంగన్‌వాడీకి వెళ్ళింది.

"టీచరుగారండీ, గిలక ఊపితే బాబు తిరగడం లేదండీ" అని చెప్పింది.

టీచరుగారు తేలిగ్గా తీసుకోలేదు. ఆశా కార్యకర్తని పిలిచారు. పిల్లల పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలని అందులో చూస్తారు. వినికిడి లోపం కూడా అందులో ఉంది. అక్కడి నుంచి కాగితం రాసి పెద్దాసుపత్రికి పంపారు.

ఆసుపత్రిలో బాబు నిద్రపోయేదాకా ఆగారు. చెవిలో మెత్తటి చిన్న గొట్టం పెట్టి చూశారు. ఇంకో రోజు తలకి తీగలు అంటించి చూశారు. నొప్పి లేదు. సూది లేదు. ఈ పరీక్ష పుట్టిన నెల లోపే చేయవచ్చని డాక్టరమ్మ చెప్పారు.

బాబుకి రెండు చెవులా లోపం ఉంది. బొంగురు శబ్దాలు, పెద్దవైతే కొంచెం వినపడతాయి. సన్నటి శబ్దాలు వినపడవు.

కోడలు ఏడ్చింది. "మేము మేనరికం చేసుకున్నామండీ. అందుకేనా?" అని అడిగింది. డాక్టరమ్మ దాచలేదు. "మేనరికంలో ఇలాంటివి వచ్చే అవకాశం కొంచెం ఎక్కువమ్మా. మామూలు పెళ్ళిళ్ళలో కూడా వస్తాయి. కడుపుతో ఉండగా రుబెల్లా జ్వరం వచ్చినా, పుట్టగానే కామెర్లు బాగా ముదిరినా వస్తాయి. ఎవరిదీ తప్పు కాదు. చెవిలో మాత్రం నూనె పోయకండి" అన్నారు.

బాబుకి వినికిడి యంత్రాలు పెట్టారు. వాటితో సరిపోకపోతే ఆపరేషను గురించి ఆలోచిస్తారట. యంత్రాలకీ ఆపరేషనుకీ ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. ఎవరికి వర్తిస్తుందో ఆసుపత్రిలోనే అడగాలి. ఆలస్యం చేస్తే వయసు దాటిపోతుంది. బిడ్డ మాట నేర్చేది మొదటి రెండు మూడేళ్ళలోనే.

కోనసీమలోనే రాజోలు వైపు శంకరగుప్తం అనే ఊరు ఉంది. 1930లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ అక్కడ పుట్టారు. తండ్రి పిల్లనగ్రోవి వాయించేవారు. తల్లి వీణ వాయించేవారు. ఆ తల్లి బిడ్డ పసిగుడ్డుగా ఉండగానే పోయింది. ఆ పిల్లవాడు ఎనిమిదేళ్ళకే విజయవాడలో కచ్చేరీ చేశాడు. పాటే కాదు, వయోలిన్, వయోలా, మృదంగం, కంజీర కూడా వాయించాడు. బాబు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు వాడపల్లి ఇంట్లో రేడియోలో ఆయన పాటే వస్తోంది. అత్త లేచి రేడియో కట్టేయబోయింది. కోడలు వద్దంది. "ఉండనీ అత్తయ్యా. వాడి దగ్గరగా పెట్టు" అంది.

డాక్టరమ్మ ఒక పని చెప్పారు. "యంత్రం పెట్టిన తరువాత ఇంట్లో ఏ శబ్దానికి తిరిగాడో చూసి, రాసి తీసుకురా అమ్మా" అన్నారు. కోడలు పాప నోటు పుస్తకంలోనే రాసింది. పాప వెనక నిలబడి ఒక్కొక్కటి మోగించింది. కోడలు రాసినది ఇది. మీరూ చదవండి.

కుండ డప్పు – తిరిగాడు.
కొబ్బరి చిప్పలు – తిరిగాడు.
చింతగింజల పెట్టె – ఒకసారి తిరిగాడు. ఒకసారి లేదు.
బియ్యం పెట్టె – లేదు.
గిలక – లేదు.
గుడి గంట – తిరిగాడు.
కొబ్బరాకు బూర – బుధవారం లేదు. శుక్రవారం తిరిగాడు.
అక్క పిలిచింది – తిరిగి నవ్వాడు.